మేకప్‌కు ముందు

“ఆ పౌడరు తుడిచెయ్యమ్మే” అంది శశికళ టీచర్, సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని.

చౌడేశ్వరి చున్నీ కొసతో ముఖం తుడుచుకుంది.

“ఇంకా గట్టిగా తుడుచు. తలకు నూనె పెట్టినావు గదా, మంచిదే. ఎండలోకి జరుగు.”

“ఎండలో ఇంకా నల్లగా పడతా గదా టీచర్?”

“అదే కావల్ల మనకు. ముందు ఫొటో ఎంత నల్లగుంటే తర్వాత అంత తేడా కనిపిస్తాది.”

పదో తరగతి పిల్లలంతా పకపకా నవ్వారు. చౌడేశ్వరీ నవ్వింది. ఎవరెంత నవ్వితే ఏం, ఎంపికైంది తనేగా!

పత్తికొండ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో బ్యూటీషియన్ కోర్సు పెట్టారు. లెక్కల పీరియడుకు కడుపునొప్పి వచ్చే పిల్లలు కూడా ఈ పీరియడుకు పరిగెత్తుకొస్తారు. శుక్రవారం కర్నూలు నుంచి శిరీన్ మేడమ్ వస్తోంది. ఆమెకు అక్కడ పెద్ద పార్లర్ ఉంది. బడికి ఒక్క పిల్లను చూపించమంటుంది. నచ్చితే పదో తరగతి కాగానే తీసుకుపోయి, తిండీ నీడా ఇచ్చి, పని నేర్పి, జీతం కూడా ఇస్తుంది. నచ్చకపోతే టీ తాగి వెళ్ళిపోతుంది. పోయినేడు టీ తాగి వెళ్ళిపోయింది. ఈసారీ అంతే అయితే శశికళ ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే.

మేడమ్ షరతు ఒకటే. ఎవరి మేకప్ వాళ్ళే వేసుకోవాలి. మేకప్‌కు ముందు తీసిన ఫొటో గోడకు తగిలించాలి, మేకప్ వేసుకున్న పిల్ల దాని పక్కన కుర్చీలో కూర్చోవాలి.

ఈ అవకాశం పోతే చౌడేశ్వరికి మళ్ళీ మిరపచేలే గతి. ఆమధ్య తల్లి మద్దమ్మ మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలసపోతూ ఇద్దరు కూతుళ్ళలో పెద్దదాన్నే వెంట తీసుకుపోయింది. చిన్నది హర్షిణి ఎండకు తాళదట! పెద్దది మాత్రం ఇనుముతో చేసినట్టు. చౌడేశ్వరి తిరిగి వచ్చేసరికి ఒక చదువు ఏడాది పోయి, చెల్లెలి తరగతిలోనే కూర్చోవాల్సి వచ్చింది. అంతకు ముందు ఆ అక్కాచెల్లెళ్ళను చూసి కవలలా అని అడిగేవాళ్ళు. తర్వాత ఎవరూ అడగలేదు.

ఫొటో తీసిన రోజు హర్షిణి ఇంటికొచ్చి పళ్ళెం నెట్టేసింది.

“మోడల్ అంటే ముఖం బాగుండల్ల గదా అక్కా. నిన్నెట్ల తీసుకున్నారు?”

ఆ మాట చౌడేశ్వరికి ముల్లులా గుచ్చుకుంది. అయినా చెల్లెలు కదా, మింగేసింది.

“నీకు కాటుకే సరిగ్గా పెట్టుకునేకి రాదు గదమ్మే. నాకు చేతనైందని తీసుకున్నారు. అన్నం తిను.”

హర్షిణి తినలేదు. మర్నాడు టీచర్ దగ్గరికి పోయి ఏడ్చింది. టీచర్ ఏం చెప్పి ఓదార్చిందో గానీ, హర్షిణి నవ్వుకుంటూ వచ్చింది. మేడమ్‌కు పూలగుత్తి ఇచ్చే పని తనకే ఇచ్చారట. “పోనీలే, దీని అలక తీరింది” అనుకుంది చౌడేశ్వరి, పిచ్చిది.

శుక్రవారం బడి హాలు వెనక గదిలో అద్దం ముందు సామాను సర్దుకుంటుంటే శశికళ హర్షిణిని వెంటబెట్టుకుని వచ్చింది.

“ముందు దీనికి వెయ్. పూలిచ్చే పిల్ల కళగా ఉండల్ల.”

“మరి నాది, టీచర్?”

“మేడమ్ ఇంకా కోడుమూరు కాడ ఉండాది. శానా టైముండాది నీకు.”

చౌడేశ్వరి చెల్లెలి ముఖాన్ని చేతుల్లోకి తీసుకుంది. పెళ్ళికూతురిని చేసినంత శ్రద్ధగా చేసింది.

“కండ్లు పెద్దగా కనపడేట్ల గియ్యి అక్కా.”

“నీ కండ్లూ నా కండ్లూ ఒకటేనమ్మే. యాడ గియ్యాలో నాకు తెలీదా?”

అయ్యాక హర్షిణి అద్దంలో చూసుకుని అక్కను గట్టిగా వాటేసుకుంది. ఎప్పుడూ లేనిది అంత ప్రేమ చూసి చౌడేశ్వరికి కళ్ళు చెమర్చాయి.

“అబ్బ, నీ చేతిలో ఏముందే పిల్లా!” అంది శశికళ. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అంది.

బయట కారు హారన్ మోగింది.

“టీచర్, అప్పుడే వచ్చేసినారు! నాదింకా మొదలే కాలేదు.”

“భయపడొద్దు. టీ తాగి, హెడ్‌మాస్టరుతో మాట్లాడి గానీ ఆమె రాదు. నువ్వు నిదానంగా వేసుకో. నేను పిలిచేదాకా బయటికి రావద్దు. ముందే చూస్తే మజా ఏముంటాది?” అంటూ హర్షిణిని తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

చౌడేశ్వరి తన ముఖం మీద పని మొదలుపెట్టింది. ఊపిరి బిగబట్టి గీత గీసింది. గీత చక్కగా వచ్చింది. పెదాలకు రంగు వేసుకుని అద్దంలో చూసుకుంటే తనకే ముద్దొచ్చింది. మిరపచేను ఈ ముఖం మీద చేసిందంతా ఈ వేళ్ళతో తుడిచేసినట్టుంది. కర్నూలు పోతుంది, జీతం తెస్తుంది, అమ్మను ఇంక వలస పోనివ్వదు.

హాల్లో చప్పట్లు మోగాయి. పిలుపు మాత్రం రాలేదు. ఉండబట్టలేక తలుపు కొంచెం తెరిచింది. ఎదురుగా అంతా పిల్లల వీపులే. వాళ్ళ తలల పైన గోడకు తన ఫొటో, తలుపంత పెద్దది, నల్లగా, జిడ్డుగా. ఆ ముఖాన్ని చూసి మొదటిసారి ఆమెకు సిగ్గు వేయలేదు.

శిరీన్ మేడమ్ ఆ ఫొటో వైపే చెయ్యి చూపిస్తోంది.

“ఇంక వేరే మాట లేదు. ఈ అమ్మాయిని నేను తీసుకుపోతా.”

చౌడేశ్వరి రెండు చేతులా తలుపు పట్టుకుంది. ఇంకా తనను చూడనే లేదు, ఫొటో చూసే తీసుకుంటానంటోంది! ఎంత మంచి మనిషి! ఏడిస్తే కాటుక చెదురుతుందని కళ్ళు పెద్దవి చేసి, పిలుపు కోసం చూస్తూ నిలబడింది.

శిరీన్ మేడమ్ కుర్చీ వైపు వంగి, ముద్దుగా అడిగింది, “నీ పేరేందమ్మా?”

“చౌడేశ్వరి, మేడమ్” అంది హర్షిణి.