నాలుగు గదుల లెక్క

లోపలి నుంచి గడియ పడిన చప్పుడు విని సంధ్య వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"మీ నాయన పాపని లోపలికి పిలుచుకొనిపోయి తలుపేసుకున్నాడు. స్కేలు కూడా తీసుకొనిపోయినాడు. పోయి చూడండి."

హరీశ్ కుర్చీలోంచి లేవలేదు. స్కేలు అన్న మాట వినగానే అతని కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది.

కాసేపటి క్రితం వరకూ సహన హాల్లోనే కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. నాలుగో క్లాసు. ముప్పై నాలుగును ఇరవై ఆరుతో గుణించాలి. మిస్సు నేర్పినట్టే పెద్ద డబ్బా గీసి, దాన్ని నాలుగు గదులు చేసింది. పైన ముప్పై, నాలుగు. పక్కన ఇరవై, ఆరు. ఒక్కో గది వైశాల్యం కట్టి అన్నీ కూడితే జవాబు వస్తుంది. మాలూరులో లెక్కల మేష్టరుగా రిటైరై, నిన్ననే మడివాళలోని కొడుకింటికి వచ్చిన చిక్కమునియప్ప, మనవరాలి వెనక నిలబడి అంతా చూశాడు.

"ఇది లెక్కనా, ఇంటి ప్లానా?"

"ఏరియా మోడల్ తాతా. మా మిస్సు ఇట్లే చేయమనింది."

ఆయన స్కేలు తీసుకుని, పాపను లేపి, గదిలోకి తీసుకుపోయాడు.

"ఈ డబ్బాలు నేర్చుకున్నాకే కదా పాప లెక్కలంటే ఏడ్చేది మానేసింది," అంది సంధ్య, గొంతు తగ్గించి. "మళ్ళీ భయం పెట్టేస్తే పుస్తకం ముట్టదు. మీరు పోతారా, నన్ను పొమ్మంటారా?"

"నువ్వొద్దు. నీ మీద కూడా అరుస్తాడు."

"అరిస్తే అరవనీ. పాపని కొడితే?"

బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మొత్తం హరీశ్ మాట మీద నడుస్తుంది. అలాంటి మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్న తలుపు దగ్గరికి చేరడానికి రెండుసార్లు ఆగాడు. చెవి ఆనించి విన్నాడు.

"మళ్ళీ రెండునూర్ల తొంబై వచ్చిందే," అంటోంది నాయన గొంతు. "అది మూడు కాదు, ముప్పై అని చెప్పినాక కూడా మూడు రెండ్లు ఆరు అని గదిలో ఆరు రాస్తే ఎట్లా? బుర్రలో మట్టి ఉండాదా?"

పాప ఏదో గొణిగింది.

"తప్పు చేస్తే దెబ్బ. నా దగ్గర అంతే. ఊఁ, కానీ."

"వద్దు తాతా."

"గట్టిగా."

ఫట్‌మని వినిపించింది. ఆ వెంటే పాప వెక్కిళ్ళు.

 వెనక నుంచి సంధ్య హరీశ్ భుజం పట్టుకుని కుదిపింది. అతనికి అది కూడా సరిగ్గా తెలియలేదు. పారిపోదామా అనిపించింది. మెట్లు దిగి, రోడ్డు మీదికి, ఎక్కడికైనా. లోపల స్కేలు మళ్ళీ పైకి లేచి ఉంటుందని తోచగానే మాత్రం, తనకే తెలియకుండా పిడికిలి తలుపు మీద పడింది.

"నాయనా, తలుపు తీ."

హరీశ్ మళ్ళీ బాదాడు.

"తీయమంటా ఉండాను కదా. పాప మీద చెయ్యి వేస్తే బాగుండదు."

జన్మలో మొదటిసారి నాయనను అలా అన్నాడు.  గడియ తీస్తున్న చప్పుడు వినగానే, అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

తలుపు తీసింది సహన. మొహమంతా కన్నీళ్ళు. స్కేలు ఆమె చేతిలోనే ఉంది.

"అప్పా, నేను కొట్టనని చెప్పినాను. తాత వింటానే లేదు," అంది ఏడుస్తూ. "తాను డబ్బా లెక్క నేర్చుకునేది ఎవరూ చూడకూడదంట. తలుపు కూడా తాతే వేసినాడు."

గదిలో చిక్కమునియప్ప నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు కాగితం మీద వంకర డబ్బాలు, కొట్టివేతలు. ఆయన కుడి అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. కొడుకును చూసి దాన్ని దాచుకోలేదు. ఇంకాస్త ముందుకు చాపాడు.

"ఈ బిడ్డకు కొట్టేది రాదప్పా, హరీశా. ఎంత గట్టిగా కొట్టాలో నీకు తెలుసు కదా, నువ్వు కొట్టు."