తెగిన లైను

భరత్ ఆఫీసు గది తలుపు తోసుకొచ్చేసరికి లింగమూర్తి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"లైను కోసింది నువ్వేనా?"

లింగమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు. "జర ఆగు."

భరత్ ఆగలేదు. చెంప పగలగొట్టాడు.

భరత్ భార్య భార్గవికి వినపడదు, మాట రాదు. నెలలు నిండిన మనిషి. కొత్తగూడలో మేడ మీద గదిలో పగలంతా ఒక్కతే.

అందుకే భరత్ ఇంటి కంప్యూటర్‌ను కింద ఉండే ఓనరమ్మ ఫోన్ తీగకు తగిలించాడు. ఆమె అక్కడ టైపు చేస్తే హైటెక్ సిటీ ఆఫీసులో అతని తెర మీద అక్షరాలు పడతాయి.

కంపెనీ ఫైర్‌వాల్ బయటి వాటిని రానివ్వదు. భరత్ దానికో దొంగదారి కనిపెట్టాడు.

ఆ ఫైర్‌వాల్‌కు కాపలా లింగమూర్తి. ఎవరితోనూ కలవడు. నిన్ననే పిలిచి, "నీ దారి చూసిన. రూల్ ఒప్పుకోదు" అన్నాడు.

ఇవాళ మీటింగ్ నుంచి వచ్చి చూస్తే లైను లేదు.

"నా పెళ్లాం అరవను కూడా అరవలేదురా! తెరువు!"

"ఇప్పుడు తెరవొద్దు. నీ భార్య..."

"దాని మాటెత్తకు!"

కాలరు పట్టి తలను ఇనప బీరువాకేసి బాదాడు. రిసీవర్ జారి కింద పడింది.

లింగమూర్తి నెత్తుటి మొహంతో దానికోసం పాకాడు. భరత్ ఆ చేతిని బూటుతో తొక్కాడు. డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు.

లింగమూర్తి కదలడం మానేశాడు.

"సంపుతవా ఏంది సార్!" సెక్యూరిటీ సాయిలు వెనక నుంచి పట్టుకున్నాడు.

భరత్ విదిలించుకుని స్కూటరెక్కాడు.

మేడ మీద గది తలుపు బార్లా తెరిచి ఉంది. భార్గవి లేదు. ఓనరమ్మ నాగేశ్వరి గడప మీద నెత్తురు కడుగుతోంది.

"ఇప్పుడొస్తున్నవా? ఆ పిల్ల నొప్పులతోని పడిపోయింది. మా ఆయన ఆటోల దవాఖానకు తోల్కపోయిండు. జర ఆలస్యమైతే పాణం పోతుండె."

"మీకెలా తెలిసిందండీ?"

"మీ ఆఫీసుల నుంచి ఫోనొచ్చింది. నొప్పులని ఈమె కంప్యూటర్ల రాస్తే చూసిండంట. ఆ లైను కోస్తెనే మా ఫోన్ మోగుతదని కోసిండంట. ఆటో ఎక్కించెదాంక లైన్లనే ఉంట అన్నడు పాపం. ఏమైందో, నడుమల దబ్బున సప్పుడైంది."

భరత్ మెట్ల వైపు తిరిగాడు.

"ఎవరు నువ్వని అడిగిన. భరత్ వాళ్ల అన్నను అన్నడు."

భరత్‌కు తోడబుట్టినవాళ్లెవరూ లేరు.