కంచాలు చూసే మనిషి

ఎంగిలి కంచాలు చూడటానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడమంటే, ఫీజు కట్టే తండ్రుల్ని దోచుకోవడమే. ఇందులో రెండో మాట లేదు.

దొత్సె కళ్ళారా చూశాడు. నర్సుల కాలేజీ భోజనశాలలో, పిల్లలు తిన్న కంచాలు తెచ్చిపెట్టే కిటికీ పక్కన ఒకావిడ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. వండదు. వడ్డించదు. కడగదు. చూస్తుంది.

ఫీజు కాగితంలో దానికో పద్దు: విద్యార్థుల మనోక్షేమం, ముప్పై సెడీలు.

ముప్పై సెడీలు రావాలంటే తన ఊరు అన్లోగా ఇసుకలో ఎన్ని ఉల్లిమళ్ళు తడపాలో దొత్సెకు తెలుసు. ఆ ఉల్లి మీదే కూతురు యాయ్రాను ఆ కాలేజీలో చదివిస్తున్నాడు. భార్య పోయి పది నెలలైంది. యాయ్రా ఒక్కతే మిగిలింది.

పోయిన సెలవుల్లో ఆ పిల్ల చిక్కి సగమై వచ్చింది. మాటాపలుకూ లేకుండా రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేది. ఆయనకు భయమేసింది. ఏమని అడగాలో తెలియక అడగలేదు.

శనివారం తల్లిదండ్రుల సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"మా ఊళ్ళో మేకలు కాసేవాడికి కూలి ఇస్తాం. కంచాలు కాసేదానికి ఇవ్వడం ఇక్కడే చూశా."

హాలంతా నవ్వింది. ప్రిన్సిపాలమ్మ నవ్వలేదు.

"దొత్సెగారూ, రెండేళ్ళ కిందట ఇక్కడే ఒక పిల్ల ప్రాణం తీసుకుంది. అప్పట్నుంచే ఈ ఏర్పాటు. మనసు విరిగినవాళ్ళు నోటితో చెప్పరు. ముందు తిండి మానేస్తారు."

"ఆకలైతే వాళ్ళే తింటారు."

"మా పిల్లలు గట్టోళ్ళమ్మా!" వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "ఆ పాపిష్టి మాట ఇక్కడెందుకు?"

కంచాలు చూసే ఆ మనిషి గోడవారగా నిలబడి ఉంది. పేరు కఫూయి. యాభై దాటిన మనిషి. దొత్సె ఆమె వైపు తిరిగాడు.

"ఏమ్మా, రెండేళ్ళుగా చూస్తున్నావు కదా. ఎంతమందిని కాపాడావు?"

"లెక్క పెట్టుకోలేదన్నా."

"పోనీ, ఒక్క పిల్ల పేరు చెప్పు. నేను కూర్చుంటా."

కఫూయి ఆయన ముఖంలోకి చూసింది.

"చెప్పనన్నా."

"ఉంటేగా చెప్పడానికి!"

మళ్ళీ నవ్వులు. ఆమెను తీసేయాలనేవాళ్ళు చేతులెత్తమన్నాడు తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు. ప్రిన్సిపాలమ్మవీ, ఇంకో ముగ్గురివీ తప్ప అన్ని చేతులూ లేచాయి.

కఫూయి సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. సమావేశం హాస్టలు కప్పు రిపేరు మీదికి వెళ్ళింది.

దొత్సె గెలిచిన వాడిలా బయటికొచ్చాడు. వేపచెట్టు కింద యాయ్రా ఎదురుచూస్తోంది. ఒళ్ళు చేసింది. తండ్రిని చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

తెచ్చిన గిన్నె మూత తీశాడు. పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకీ ముద్దలు, వేయించిన చేపలు, మిరప పచ్చడి. పిల్ల ఒక ముద్ద ముగించి రెండోది అందుకుంది. వేళ్ళు నాకింది.

"ఇంకో చేప ఉందా నాన్నా?"

పది నెలలుగా గుండె మీద కూర్చున్న బండ లేచి పక్కకు పోయినట్టయింది దొత్సెకు.

"అన్నీ నీకే తల్లీ. తిను. ఇవాళ మీ కాలేజీకి మంచి పని చేశా. కంచాలు చూసే ఆమెను పీకించేశా."

పచ్చడిలో వేలు ఆగింది.

"కఫూయి అత్తనా?"

"అత్తెప్పుడైంది?"

"అమ్మ పోయాక."

యాయ్రా తలెత్తలేదు. గిన్నెలోకి చూస్తూ చెప్పింది.

"ఈ టర్మ్ మొదట్లో నాలుగు పూటలు నా కంచం నిండుగానే వెనక్కెళ్ళింది. ఐదో పూట అత్త నా వెనకే గదికొచ్చింది. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడిగింది. ఉందన్నా."

దొత్సె చేతిలో చేప పట్టుకునే ఆ పిల్ల దగ్గరికి జరిగాడు.

"డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. నెల రోజులు నా కంచంలోనే తింది. నేను ముద్ద తీస్తే గానీ తను తీసేది కాదు."

"నాకు చెప్పొద్దటే?"

"ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. నీకసలు చెప్పొద్దన్నా. అమ్మ దుఃఖమే నువ్వు మోయలేకపోతున్నావు."

"ఇప్పుడు... ఇప్పుడు కూడా అట్లా ఉందా?"

"లేదు నాన్నా. ఎప్పుడైనా వస్తే నీకే చెప్తా. చేప ఇటివ్వు."

ఇచ్చాడు. ఆ పిల్ల ముల్లు తీసుకుని తినేదాకా చూశాడు. తర్వాత లేచి గేటు వైపు పరుగెత్తాడు.

"కఫూయమ్మా? ఇప్పుడే వ్యానెక్కింది" అన్నాడు కాపలావాడు. "ఎక్కడో ఆస్పత్రివాళ్ళు ఎప్పట్నుంచో పిలుస్తున్నారంట. ఇక రానంది."

దొత్సె హాలులోకి తిరిగొచ్చాడు. కప్పు రేకుల మీద వాదన నడుస్తోంది. మధ్యలో నిలబడ్డాడు.

"ఆ పద్దు మళ్ళీ రాయండి. ఆ స్టూలు మీద ఇంకో మనిషిని కూర్చోబెట్టండి. ముప్పై చాలకపోతే నలభై వేయండి."

"బయట కల్లు దొరికిందా అన్నా?" అధ్యక్షుడు పకపక నవ్వాడు. "ఇందాక తీయించింది నువ్వేగా!"

"నేనే. రాయండి."

ప్రిన్సిపాలమ్మ ఆయన్నొకసారి చూసి చెయ్యెత్తింది. ఆ వెనక ఒక్కొక్కటే లేచాయి మిగతా చేతులు.

తిరుగు ప్రయాణంలో పక్కవాడు ఊరుకోలేదు. "ఇంతకీ అరగంటలో ఏం జరిగిందన్నా?"

"అది అడగొద్దు" అన్నాడు దొత్సె. ఆ తర్వాత ఎవరడిగినా, ఆ మాట కూడా అనలేదు.