రోగి వేషం

మత్తెక్కించే నొప్పి మాత్రలు ఎవరికి రాయాలో, వాటికి బానిసైనవాళ్లని ఎలా పసిగట్టాలో పంటి డాక్టర్లకు నేర్పుతున్నారు. ఆఖర్న చిన్న నాటకం వేయించారు. ఒక కుర్ర డాక్టరు వద్దు మొర్రో అన్నా వినకుండా అతనికే రోగి వేషం ఇచ్చారు. అతని క్లినిక్కులోనే పనిచేసే సీనియరమ్మ డాక్టరుగా ఎదురుగా కూర్చుంది.

“ఆ మాత్రే రాయండి మేడమ్. వేరేవి పనిచెయ్యవు.”

“నీ పన్ను బాగానే ఉంది కదా బాబూ?”

“అయితే పీకెయ్యండి! పీకితే రాస్తారుగా?” అంటూ అతను రెండు చేతులూ జోడించాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. “జీవించేశావోయ్!” అని ఎవరో అరిచారు.

అతను నవ్వుతూ లేవబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని లేవనివ్వలేదు.

“నాటకం అయిపోయిందిగా అక్కా.”

“అయిపోయింది,” అందావిడ మెల్లగా. “ఇప్పుడు చెప్పు నాన్నా. ఎన్నాళ్ల నుంచి?”