దయ్యం లేచే సీన్

"అమ్మా, నువ్వు డై అవ్వాలి. లౌడ్‌గా అరువు, ఓకే?" అంటూ దేదీప్య బేస్‌బాల్ బ్యాట్ ఎత్తింది.

అమెరికాలో, ప్లేనోలోని వాళ్ల గరాజ్ ఈ పూట డెబ్బైల నాటి లండన్ సందు. సస్పెండర్లు, బరువైన బూట్లు వేసుకున్న దేదీప్య, వలస వచ్చినవాళ్లను వెంటపడి కొట్టే గుండు కుర్రాళ్ల గుంపులో ఒక స్కిన్‌హెడ్. గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో డ్యూటీ దిగి వచ్చిన సుభాషిణి, ఆ గుంపు కొట్టి చంపే ఇండియన్ షాపువాడు. తర్వాత వాడు దయ్యమై లేచి వాళ్ల పీకలు కొరుకుతాడు. కాలేజీ సినిమా, ఫోన్ రికార్డ్ చేస్తోంది.

"ఆస్కార్ వస్తే పట్టుచీర కొనిపెట్టాలి మరి," అంటూ సుభాషిణి చెంపలకు కెచప్ పూసుకుని నేల మీద పడుకుంది.

దేదీప్య తల్లికి బదులు పక్కనున్న అట్టపెట్టెలు చితకబాదింది. బూటు పొరపాటున తల్లి డొక్కలో దిగింది.

సుభాషిణి అరవలేదు. గోడవైపు తిరిగి ముడుచుకుపోయి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

"ఐ డిడ్‌న్ట్ సీ యువర్ ఫేస్, సర్. ప్లీజ్. ఐ హావ్ ఎ డాటర్."

"అమ్మా, ఆ డైలాగ్ లేదు కదా."

సుభాషిణికి వినపడలేదు. అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. కుర్తా చేయి పైకి జారిన ముంజేతి మీద పొడుగాటి కుట్ల మచ్చ. కిందటి చలికాలం బాత్‌టబ్‌లో పడ్డానని చెప్పిన మచ్చ.

దేదీప్య బ్యాట్ వదిలేసింది. బూట్లు విప్పి దూరంగా విసిరి, తల్లి పక్కన కూలబడింది.

"స్టోర్‌లోనా, అమ్మా?"

సుభాషిణి చేతులు దించింది. "నాన్నకి చెప్పకు. జాబ్ మానేయమంటారు."

చున్నీతో కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఇప్పుడు నేను దయ్యమై లేవాలి కదూ? వెళ్లి ఆ బూట్లు వేసుకుని రా."