వాసన చెప్పమన్న మనిషి

"దీని మీదికి కాస్త ఆవముద్ద పెట్టిస్తావా బాబూ?"

ఆ మాటకు హార్ట్‌విగ్‌కు ఒళ్లు మండింది.

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, తన ద్రాక్షతోట కిందే, పెరట్లో ఆరు బల్లలు వేసి సొంత వైన్ పోసే ఆసామి అతను. మే నెల. కొత్త రీస్లింగ్ తెల్ల వైన్ అప్పుడే సీసాల్లోకి దిగింది. దానికి ఏ తిండి నప్పుతుందో బోర్డు మీద స్వయంగా రాసి పెట్టాడు: వెన్న పోసిన తెల్ల ఆస్పరాగస్ కాడలు, ట్రౌట్ చేప, మేకపాల చీజ్.

ఈ ముసలాయన అవేవీ అడగలేదు. పొగబెట్టిన సాసేజ్ తెప్పించుకున్నాడు. చాలనట్టు ఇప్పుడు ఆవముద్ద!

"నా రీస్లింగ్ పక్కన ఆవముద్దా? బోర్డు చదవడం రాదా పెద్దాయనా?"

"చదివాను. ఘాటు తగిలితే గాని నాకు తిన్నట్టుండదు."

పక్క బల్ల దగ్గర కొలోన్ నగరం నుంచి వచ్చిన దంపతులు కిసుక్కున నవ్వారు. హార్ట్‌విగ్‌కు హుషారొచ్చింది. నలుగురు వింటున్నారంటే అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

ముసలాయన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత ఒక గుక్క తాగాడు.

"పులుపు బాగుంది. చురుక్కుమంటోంది."

"పులుపా! ఇంత వైన్‌లో దొరికింది అదేనా?"

"వాసన ఎలా ఉందో నువ్వు చెప్పు బాబూ. అది విందామనే ట్రియర్ నుంచి వచ్చాను."

"నేను చెప్పాలా? మరి నీ ముక్కెందుకు? కళ్లజోడు నిలబెట్టుకోడానికా?"

కొలోన్ దంపతులు ఈసారి పగలబడి నవ్వారు.

"ఇది పనిచెయ్యదు," అన్నాడు ముసలాయన ముక్కు తడుముకుంటూ. "ఆ కొండవాలు పళ్ల వైనే కదా ఇది? మునుపు పచ్చి యాపిల్ వాసన, వెనకే తడిసిన రాతి వాసన వచ్చేవి. నీ చేతిలో ఎలా తయారైందో... ఒక్క ముక్క చెప్పు, చాలు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదమంటావా? వాసన తెలియనివాడికి నీళ్లు చాలు. పులుపే కావాలంటే నిమ్మకాయ పిండిస్తా."

సగం తాగిన గ్లాసు తీసేసి, నీళ్ల గ్లాసు ఠపీమని పెట్టాడు హార్ట్‌విగ్.

ముసలాయన నీళ్లు ముట్టలేదు. టోపీ పెట్టుకుని లేచాడు.

"తోట పచ్చగా ఉంది. నువ్వూ నిండుగా ఉన్నావు. సంతోషం," అని రేవు వైపు నడిచాడు.

ఆస్పరాగస్ పళ్లెంతో వంటింట్లోంచి వచ్చిన తల్లి గెర్టా, గేటు దాటుతున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఎవర్రా ఆయన?"

"ఎవరో ముక్కు లేని మాలోకం. నీళ్లిచ్చి పంపించా."

పళ్లెం అక్కడే పడేసి గెర్టా రేవుకు పరుగెత్తింది. పడవ అప్పటికే నది మధ్యలో ఉంది. "లుడ్గర్!" అని పిలిచింది. ఇంజను మోతలో ఆ పిలుపు వినపడలేదు.

హార్ట్‌విగ్ వెనకే వచ్చాడు. "ఎవరమ్మా ఈ లుడ్గర్?"

"ఒకప్పటి మన వైన్ మేస్త్రీ. వాసన తెలియని మేస్త్రీ దండగని మీ నాన్న పంపేసిన మనిషి."

"పుట్టుకతోనే లేదా ఏం, ఆ ముక్కు?" నవ్వబోయాడు హార్ట్‌విగ్.

గెర్టా నవ్వలేదు.

"నీకు నాలుగేళ్లప్పుడు వైన్ పులిసే నేలమాళిగలోకి దూరి, అక్కడ ఊరే విషగాలికి స్పృహ తప్పావురా. నిన్ను ఎత్తుకొస్తూ లుడ్గర్ మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు. నిన్ను గుండెల మీంచి జారనివ్వలేదు గాని, తల వెనక తగిలిన దెబ్బకి ఆ రోజే ఆయన ముక్కు చచ్చిపోయింది."