గాలిని కొలిచే అబ్బాయి

కువైట్‌లోని ముబారక్ అల్ కబీర్‌లో సంజీవమ్మ పనిచేసే ఇంటి మేడ మీద పొడవాటి యాంటెన్నా లేచి నిలబడింది.

యాంటెన్నా పక్కన ఒక పెట్టె. పెట్టె పక్కన గొడుగు. గొడుగు నీడలో కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు, ఒళ్ళో లాప్‌టాప్.

"యూనివర్సిటీ నుంచి వచ్చాడు. ఈ వారమంతా గాలిలో సిగ్నళ్ళు కొలుస్తాడట. టీ ఇస్తూ ఉండు," అంది మామా.

ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా అలాగే పిలుస్తారు. మామా అంతకుమించి చెప్పలేదు, సంజీవమ్మ అడగలేదు.

మిగతాదంతా పక్కింట్లో పనిచేసే బిస్మిల్లా బీ పిట్టగోడ మీంచి చెప్పింది.

"మేయ్, అది దొంగతనంగా ఫోన్లు మాట్లాడేటోళ్ళను పట్టే మిషనంట! యా ఇంట్లోంచి ఎవురు మాట్లాడినా ఆ డబ్బాలో పడతాదంట. ఈదిలో మనోళ్ళందురూ ఫోన్లు బంద్ జేసినారు. నువ్వూ జెయ్యి."

సంజీవమ్మ ఫోను బియ్యం డబ్బాలో ఉంటుంది. పనివాళ్ళకు ఫోన్లుండడం మామాకు గిట్టదని ఆమె భయం. మధ్యాహ్నం భోజనాలై ఇల్లంతా కునుకు తీసే వేళ సంజీవమ్మ మేడెక్కి, రాయచోటిలో ఉన్న కూతురు శివపార్వతితో మాట్లాడుకుని వస్తుంది.

శివపార్వతికి ఇప్పుడు నెలలు నిండాయి.

ఫోను బయటపడితే మామా లాక్కుంటుంది. ఆపేస్తే కాన్పు కబురు తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చివరికి ఆపేసింది. ఆ కుర్రాడిని నోరారా తిట్టుకుంటూ ఆపేసింది.

టీ తీసుకెళితే అతను ఆప్యాయంగా నవ్వాడు.

"అమ్మా, మీరు తెలుగోళ్ళా అండి?"

"తెలుగు నహీ మాలూమ్," అంది మొహం ముడుచుకుని.

సరిగ్గా అప్పుడే అవతలి మేడ నుంచి బిస్మిల్లా బీ కేక.

"మేయ్ సంజీవమ్మా, చింతపండు ఉంటే రవ్వంత ఇయ్యి మే!"

కుర్రాడు పడీపడీ నవ్వాడు. సంజీవమ్మకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"నా పేరు సూర్యకిరణండి. మాది అమలాపురం దగ్గరండి," అన్నాడు. "ఫోన్లకీ టీవీలకీ గాల్లో దారులుంటాయండి. కొన్ని కిక్కిరిసిపోతాయి, కొన్ని ఊరికే ఖాళీగా పడుంటాయి. ఏది ఎప్పుడు ఖాళీయో కొలిచామనుకోండి, రేపొచ్చే ఫోన్లు ఖాళీ దారి చూసుకుని వాటంతటవే ఎల్లిపోతాయండి. ఎవరేం మాట్లాడుకున్నారో మాకు తెలీదండి, అక్కర్లేదండి."

సంజీవమ్మ ఒక్క ముక్క నమ్మలేదు. ఖాళీని కొలిచేందుకు జీతమిచ్చే అమాయకులు ఎక్కడైనా ఉంటారా?

అతను తెర వంక చూసి బుర్ర గోక్కునేవాడు.

"ఇంత పెద్ద ఈదండి. మజ్జాన్నం ఒక్క ఫోనూ పలకట్లేదేంటండీ?"

ఆమె ఖాళీ గ్లాసు అందుకుని మెట్ల వైపు నడిచేది.

"కిందనుంచి పప్పుచారు వాసన వస్తందండి," అన్నాడొకరోజు ఆశగా.

సంజీవమ్మ టీ గ్లాసు, ఖుబ్జ్ రొట్టె అక్కడ పెట్టి చరచరా దిగిపోయింది. పట్టించడానికి వచ్చినవాడికి పప్పుచారు కూడానా!

ఆఖరి రోజు పెట్టె సర్దుకుంటూ అతను గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీవాళ్ళతో మాట్లాడుకోవాలంటే ఆ నీళ్ళ ట్యాంకు ఎనకాల మూల బావుంటదండి. అక్కడైతే మాట తెగదు."

సంజీవమ్మ రోజూ నిలబడేది అక్కడే. మిషను చోటుతో సహా పట్టేసిందన్నమాట!

వెళ్ళేముందు అతను ఆ మూలకు పోయి, గోడకు ఆనుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఆనవాళ్ళు వెతుకుతున్నాడనుకుంది.

అతని వ్యాను మలుపు తిరిగిందో లేదో బియ్యం డబ్బాలోంచి ఫోను బయటికొచ్చింది. అల్లుడు మహేష్ పలికాడు.

"ఏమత్తా, యాడికి పోయినావు! మొన్ననే ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా బాగుండారు. ఆయమ్మి నీ మాట కోసరమే చూస్తాండాది, ఇదో, మాట్లాడు."

సంజీవమ్మ ఏడ్చింది, నవ్వింది, మనవరాలి ఏడుపు విని మళ్ళీ నవ్వింది. ఆ మధ్యాహ్నం వీధిలోని మేడలన్నీ మాట్లాడాయి. కొలవడానికి మాత్రం ఎవరూ లేరు.

సాయంత్రం మామాకు టీ ఇచ్చేటప్పుడు కూడా ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది.

"ఆ అబ్బాయికి మీ వంట పెట్టావా?" అడిగింది మామా.

"టీ ఇచ్చాను మామా."

"అంతేనా? అయ్యో! యూనివర్సిటీ వాళ్ళు వేరే మేడ చూపిస్తే, కాదని మన మేడే అడిగి మరీ వచ్చాడు."

"మనదే ఎందుకు మామా?"

మామా నవ్వింది.

"నీకంటే ముందు ఇక్కడ చిట్టెమ్మ అని ఒకామె పనిచేసేది. నాకు తెలియదనుకుని, మధ్యాహ్నాలు మేడెక్కి ఊళ్ళో ఉన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడుకునేది. పాపం, మాట్లాడుకోనీ అని నేనూ నిద్రపోతున్నట్టే పడుకునేదాన్ని."

సంజీవమ్మ మేడ మెట్ల వైపు చూసింది.

"తల్లి గొంతు ఎక్కడి నుంచి వచ్చేదో కళ్ళారా చూసుకోవాలని వచ్చాడు, ఆ కొడుకు."